ఇంటికప్పు మీద నీలిపోతు

మార్నిక్స్‌ని ఇవాళ చూసినవాళ్ళెవరూ నమ్మరు గానీ, ఒకప్పుడు మా హాండ్‌బేకె ఊళ్ళో పిల్లల్ని జడిపించడానికి తల్లులు వాడి పేరే చెప్పేవాళ్ళు. ఇప్పుడు బట్టతల, పొట్ట, పాలకూర గడ్డకట్టించి సంచుల్లో నింపే ఫ్యాక్టరీలో పని. నడి వేసవిలో కూడా వాడి చేతులు చల్లగానే ఉంటాయి. సాయంత్రం పని దిగి నా కెఫేకి వస్తాడు, తలుపు పక్క బల్ల దగ్గర ఒక బీరు తాగుతాడు, ముసలి తండ్రికి వంట చెయ్యాలంటూ లేచిపోతాడు. పెళ్ళి లేదు, ఒకరి జోలికి పోవడం లేదు. అలాంటివాడి గురించి చెప్పడానికేముంది అనుకుంటారేమో. ఉంది. వాడి పరువు తీసిన సినిమా మా ఊళ్ళోనే తీశారు, దానికి విత్తనం వేసింది వాడి నోరే.

వాడు మీసాలు వచ్చీరాని వయసులో ఉండగా పంక్ అనే గోల సంగీతం పిచ్చి సముద్రం దాటి మా బీట్‌దుంప పొలాల దాకా వచ్చింది. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక మేళం కట్టారు. దాని పేరు ‘తడిసిన కుక్క’. మార్నిక్స్ డ్రమ్ములు వాయించేవాడు. వాళ్ళమ్మ ఇర్మా చర్చి బట్టలు ఉతికి గంజిపెట్టి ఇచ్చేది. పూజారిగారి అంగీకి పెట్టగా మిగిలిన గంజి వీడి జుట్టుకి పోయేది. అందుకని ఆదివారం ప్రార్థనలో పూజారిగారి కాలరూ వీడి జుట్టూ ఒకే ధీమాతో నిలబడి ఉండేవి. ఇర్మాకి తెలుసు, కోప్పడేది కాదు. వాళ్ళ పాటల్లో ఒకదానికి మొదటినుంచి చివరిదాకా ‘వద్దు’ అనే మాట తప్ప ఇంకో మాట లేదు. నేనప్పుడు మా అమ్మ వెనకాల ఇదే కెఫేలో గ్లాసులు కడిగేదాన్ని. సంగీతం సంగతి నాకు తెలియదు గానీ, మెట్ల మీంచి సామాను దొర్లిస్తే ఎలా ఉంటుందో తెలుసు. అది ఇంచుమించు అలాగే ఉండేది.

వాడి తండ్రి ఒమేర్ పందెం పావురాల మనిషి. పెరట్లో రేకుల కొట్టం, కొట్టం పైన చెక్కల గూడు. ఊళ్ళో ఇంకెవరూ చోటివ్వరు కనక తడిసిన కుక్క సాధన చేసేది ఆ గూటి కింద కొట్టంలోనే. ఒమేర్ ఒక్కటే షరతు పెట్టాడు. పందెం రోజున మాత్రం డ్రమ్ము మీద ఈగ వాలిన చప్పుడు కూడా వినపడకూడదు.

ఆ షరతు మేళానికి మాత్రమే కాదు. పందెం రోజున మా వీధికి నోరుండదు. తీగల మీది బట్టలు తడారకపోయినా లోపలికి తెచ్చేసుకుంటాం, దుప్పటి రెపరెపలాడితే పక్షి బెదురుతుందని. గడ్డి కోసే యంత్రాలు ఆగిపోతాయి, కుక్కల్ని వంటింట్లో కట్టేస్తాం. ఎందుకంటే పావురం ఇంటికి వస్తే చాలదు. గూట్లోకి దిగాలి, దాని కాలి రబ్బరు కడియం తీసి పందెం గడియారంలో వెయ్యాలి, అప్పుడే వచ్చినట్టు. కప్పు మీద కూర్చుని ఉన్నంతసేపూ అది ఇంకా దారిలో ఉన్నట్టే లెక్క.

పందేలన్నిటిలోకీ పెద్దది బార్సిలోనా. అక్కడ వదిలిన పక్షి కొండలు దాటి, డేగల్ని తప్పించుకుని, మర్నాటికి మా కప్పుల మీదికి రావాలి. చాలా పక్షులు రావు. అందుకని మా వాళ్ళకో ధర్మం ఉంది. మామూలు పందెంలో ఆలస్యంగా వచ్చిన పక్షి పులుసులోకి పోతుంది, దానికి ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోరు. బార్సిలోనా నుంచి తిరిగొచ్చినదాన్ని మాత్రం చంపకూడదు, కుంటుకుంటూ వచ్చినా సరే. ఆ ధర్మం తప్పినవాడు మా ఊళ్ళో ఒమేర్ ఒక్కడే.

అది జరిగిన ఏడు ఒమేర్ దగ్గర ఒక నీలిపోతు ఉండేది, నీలంరంగు మగ పావురం. అలాంటి పక్షి జన్మకొకసారి చేతికొస్తుందని వాడే అనేవాడు. బార్సిలోనా నుంచి పక్షులు రావలసిన రోజున, పొద్దుటే కుర్చీ వేసుకుని కప్పుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో ఇర్మాకి కడుపులో రాళ్ళ నొప్పి లేచింది. పెళ్ళామా పక్షా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఒమేర్ పెళ్ళాన్నే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఈ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే సినిమాలో ఇది లేదు. కుర్చీలో కొడుకుని కూర్చోబెట్టి, బఠాణీల డబ్బా చేతికిచ్చి, పక్షి కనపడగానే డబ్బా ఆడించి పిలవమని చెప్పి వెళ్ళాడు. సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చేసరికి నీలిపోతు గూటి గుమ్మంలో గింజలు ఏరుకుంటోంది. ఇప్పుడే వచ్చింది నాన్నా అన్నాడు మార్నిక్స్. అప్పటికి ఊళ్ళో సగం గూళ్ళకి పక్షులు దిగేసి చాలాసేపయింది. ఒమేర్ కడియం తీసి గడియారంలో వేశాడు. తరవాత దాని మెడ విరిచేశాడు.

ఆ శుక్రవారం కెఫేలో పావురాల సంఘంవాళ్ళు వాణ్ణి కూర్చోబెట్టి నాలుగు వాతలు పెట్టారు. ఒమేర్ ఒప్పుకోలేదు. “అది సోమరిది, దాని రక్తంలోనే సోమరితనం ఉంది” అన్నాడు. ఆ మాట మీద మొండిగా నిలబడి దాని తల్లినీ తండ్రినీ కూడా వదిలించుకున్నాడు. ఆ తరవాత నలభై ఏళ్ళపాటు కొత్తగా పక్షుల్ని పెంచే ప్రతివాడికీ నీలిపోతు కథ చెప్పేవాడు. రూపం చూసి మోసపోకండర్రా, సోమరి పక్షి అందంగానే ఉంటుంది అనేవాడు. నేను బీరు పోస్తూ ఆ కథ ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. మేళం ఆ శరదృతువులోనే విడిపోయింది. ఆ పైఏడు ఇర్మా పోయింది. తండ్రీకొడుకులు ఇద్దరే మిగిలారు, వాళ్ళతోపాటు పావురాలు.

సరే, సినిమా సంగతి. టిబో అనే కుర్రాడు ఘెంట్ నుంచి వచ్చాడు. పాత పంకుల మీద సినిమా తీస్తానన్నాడు. మర్యాదస్తుడే, గ్లాసు తనే తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. ఒకప్పటి పంకు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, నేనే, నా తలకాయ కాలిపోనూ, తలుపు పక్క బల్ల చూపించాను. మార్నిక్స్‌ని నలభై ఏళ్ళలో ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. ఒక్కసారిగా ఒక పట్నం కుర్రాడు ఎదురుగా కూర్చుని, వాడి ప్రతి మాటకీ బల్ల చరిచి నవ్వుతున్నాడు. మూడో బీరుకి మనిషి మారిపోయాడు. ఆ రోజు నేను, నాతోపాటు ఈ లోకం, అసలు సంగతి మొదటిసారి విన్నాం.

తండ్రి ఆసుపత్రికి వెళ్ళగానే మేళంలో మిగిలిన ముగ్గురూ వచ్చారట. ఆ రాత్రి పక్క పట్నంలో మేళాల పోటీ ఉంది, సాధన లేదు. ఒక్క పాటే కదా అని మొదలుపెట్టారట. మార్నిక్స్ చేతులు గాల్లో ఊపుతూ చెబుతున్నాడు. “రెండో పాటకి చూస్తే కప్పు మీద నీలిపోతు. మేం ఆగితే దిగబోతుంది, డ్రమ్ము కొడితే మళ్ళీ ఎగిరి కప్పెక్కుతుంది. ఆగితే దిగడం, కొడితే ఎక్కడం. మా మేళాన్ని చివరిదాకా విన్న శ్రోత అదొక్కటే బాబూ.”

టిబో నవ్వాపుకోలేక కడుపు పట్టుకున్నాడు. మరి ఆ పక్షిని పులుసు పెట్టారా అన్నాడు.

“ఆదివారం మా అమ్మ ఉల్లికాడలేసి వండింది. తిన్నా. రెండో గిన్నె కూడా పెట్టించుకున్నా.”

కెఫే అంతా నవ్వింది. నేను నవ్వలేదని గొప్పలు చెప్పను, నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే వాడివైపు చూస్తే వాడి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. టిబో అప్పటికే దాన్ని సినిమాలో పెట్టేస్తున్నానని ప్రకటించాడు.

మర్నాటికి మత్తు దిగింది, మాట మాత్రం వెనక్కి రాలేదు. పైగా టిబో నేరుగా ఒమేర్ ఇంటికెళ్ళి, మీ గూడూ మీ పక్షులూ సినిమాకి ఇస్తారా తాతగారూ అని అడిగాడు. ఎనభై దాటిన ఒమేర్ పెళ్ళికొడుకులా మెరిసిపోయాడు. కొట్టానికి రంగు వేయించాడు. పక్షిని వేళ్ళ మధ్య ఎలా పట్టుకోవాలో నటులకి నేర్పించాడు. కథేమిటని అడగలేదు. పావురాలున్నాయంటే మంచి సినిమాయే అయ్యుంటుందని వాడి నమ్మకం. కప్పు మీది సన్నివేశం తీసిన రోజున మార్నిక్స్ తండ్రిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తిరుగు దారిలో చెప్పేద్దామనుకున్నాడట. కానీ ఒమేర్ దారి పొడుగునా, ఇర్మా ఉంటే ఎంత సంతోషించేదో అంటూనే ఉన్నాడు.

సినిమా తయారయింది. మొదటి ఆట మా ఊళ్ళోనే వేస్తానని టిబో మాటిచ్చాడు, ఆదివారం మధ్యాహ్నం, చర్చి హాల్లో. ఆ వారమంతా మార్నిక్స్ నా దగ్గరికి వచ్చి బీరు ముట్టకుండా కూర్చునేవాడు. వెళ్ళి చెప్పెయ్యరా, తెరమీద తెలియడం కంటే నీ నోట తెలియడం నయం అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది, వాడు ఏడుపు ముఖం పెట్టాడు.

“నేను రెండో గిన్నె తినలేదక్కా. మొదటిదే తినలేదు. చెంచా పట్టుకుని కూర్చున్నాను, అంతే.”

“మరి ఆ కుర్రాడితో అలా ఎందుకు కూశావు?”

“జరిగింది చెబితే ఎవరు నవ్వుతారు?”

అదీ మా మార్నిక్స్. జరిగినదానికి సిగ్గుపడి నలభై ఏళ్ళు నోరు మూసుకున్నాడు, తెరిచినరోజున జరగనిది కలిపి గొప్ప చేసుకున్నాడు. శనివారం గూటిలో తండ్రి పక్కన నిలబడి, నాన్నా ఆ నీలిపోతు అని మొదలుపెట్టాడట. ఆ సోమరిదాని మాట ఇప్పుడెందుకురా అని ఒమేర్ వాడి చేతికి నీళ్ళ బకెట్ ఇచ్చాడు. ఆఖరికి తండ్రిని హాలుకి రాకుండా ఆపడానికి చూశాడు. అది పచ్చి సినిమా నాన్నా, బట్టల్లేని మనుషులు ఉంటారు అన్నాడు.

“మిలిటరీలో చూశాలేరా” అన్నాడు ఒమేర్.

ఆదివారం హాలు నిండిపోయింది. ఇర్మా చావుకి కుట్టించిన నల్ల సూటు వేసుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని ఒమేర్ ముందు వరసలో కూర్చున్నాడు. వాడి పక్కన పావురాల సంఘం ముసలాళ్ళు, అందరూ టైలు కట్టుకున్నారు. వరస చివర మార్నిక్స్. నేను వాళ్ళ వెనకే.

ఆ సినిమా గురించి నాలుగు ముక్కలు చెబుతాను, పేరు మాత్రం చెప్పను, ఆ మాట నా కెఫే మరుగుదొడ్డి గోడ మీద ఉంటే నేనే తుడిపించాను. మొదట్లోనే సినిమాలో మేళం పాటగాడు ఊరి బ్యాండువాళ్ళ పెద్ద బాకాలో ఒంటికి పోసి పెట్టాడు, ఊరేగింపులో పాపం ఆ బాకావాడు ఊదాడు. తరవాత వాళ్ళలో గిటారువాడు తాగి చచ్చిపోయాడు. కచేరీ ఒప్పుకున్నాం కదా అని మిగిలినవాళ్ళు శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి భుజానికి గిటారు తగిలించారు. చూడవచ్చినవాళ్ళు అతను ఎప్పటికంటే బాగా వాయించాడన్నారు. హాల్లో ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు, అయినా ఒక్కరూ లేవలేదు. పూజారిగారు మాత్రం లేచి, తలుపు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి చివరిదాకా చూశారు. ఒమేర్ బాకా దగ్గర మొదలెట్టిన నవ్వు శవం దాకా ఆపలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, కొడుకుకేసి వంగి, బాగుందిరా అన్నాడు. మార్నిక్స్ మెడ చొక్కాలోకి దిగిపోయింది.

అప్పుడు తెరమీదికి ఒమేర్ కొట్టం వచ్చింది. ముసలాళ్ళు వాడి వీపు తట్టారు. కప్పు మీద ఒక నీలం పావురం వచ్చి వాలింది. కింద మేళం మొదలైంది. పావురం గుమ్మం దాకా దిగింది, డ్రమ్ము మోగింది, మళ్ళీ ఎగిరి కప్పెక్కింది. హాలు గొల్లుమంది. ఆగితే దిగడం, కొడితే ఎక్కడం. వెనక కుర్రాళ్ళు కుర్చీల మీంచి పడిపోతున్నారు. నా ముందు వరస మాత్రం నవ్వడం లేదు. ఆ తలలు ఒక్కటీ కదలడం లేదు. వాళ్ళు పావురాల మనుషులు, కప్పు మీద కూర్చున్న పక్షిని చూసి వాళ్ళకి నవ్వు రాదు. తెరమీద తండ్రి వచ్చాడు, ఎర్ర ముక్కు, జారిపోయే ప్యాంటు, ఒట్టి బఫూన్. పక్షి మెడ విరిచాడు. పులుసు వచ్చింది. కొడుకు జుర్రుకుని తిని, మూతి తుడుచుకుని, అమ్మా ఇంకో గిన్నె అన్నాడు. హాలు కూలిపోయిందనుకున్నాను. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదటిరోజు నా కెఫేలో ఇదే కథకి నేనూ నవ్వాను కదా.

ఆట అయిపోయాక టిబో ముందుకొచ్చి, ఎవరికైనా అడగాలని ఉందా అన్నాడు. ఒమేర్ బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు. టిబో సంతోషంగా, చెప్పండి తాతగారూ అన్నాడు. ఒమేర్ లేచి నిలబడ్డాడు, కానీ కొడుకువైపు తిరిగాడు.

“అది ఎంతసేపు కూర్చుందిరా?”

టిబోకి ఏదో తప్పు జరిగిందని అర్థమైంది. మంచివాడే, అడ్డుపడబోయాడు. సినిమా అన్నాక కల్పిస్తాం తాతగారూ అన్నాడు.

“నిన్ను కాదు బాబూ అడిగింది” అన్నాడు ఒమేర్.

మార్నిక్స్‌కి టిబో చూపించిన దారి ఉండనే ఉంది. అవును నాన్నా, ఉత్త కల్పన అంటే సరిపోయేది. హాలంతా వాడికేసి చూస్తోంది. వాడు లేచి, తన బూట్లు చూసుకుంటూ చెప్పాడు.

“నువ్వలా వెళ్ళగానే వచ్చేసింది నాన్నా. ఊళ్ళో అన్నిటికంటే ముందొచ్చింది. మేం వాయించినంతసేపూ కప్పు మీదే కూర్చుంది.”

పట్టుకోడానికి ముందు కుర్చీ ఏదీ లేక ఒమేర్ గాల్లో చెయ్యి పెట్టి తడుముకున్నాడు. పక్క ముసలాయన మోచెయ్యి అందించాడు. ఒమేర్ కొడుకుని తిడతాడనుకున్నాను, కొట్టినా తప్పులేదనుకున్నాను. వాడు ముసలాళ్ళ వరసకేసి తిరిగాడు.

“అది సోమరిది కాదర్రా” అన్నాడు. “సోమరిదని మీ అందరికీ చెబుతూ వచ్చాను.”

ఆ తరవాత వాడు టిబోకేసి చూశాడు. కోపంగా కాదు, పక్షిని పట్టుకోవడం నేర్పించినప్పుడు ఎలా చెప్పాడో అలాగే చెప్పాడు.

“నీ సినిమాలో ఒక తప్పుంది బాబూ. రెండో గిన్నె అడిగింది వీడు కాదు. వీడు చెంచా తడి చెయ్యలేదు, నేను చూస్తూనే ఉన్నాను. అడిగింది నేను. బాగుందని మెచ్చుకుని మరీ అడిగాను.”

చెప్పి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. మార్నిక్స్ వెనకాలే వెళ్ళాడు. వాళ్ళు తలుపు దాటేదాకా హాల్లో ఒక్కరు కూడా కుర్చీ జరపలేదు. వెనక కుర్రాళ్ళు నేలచూపులు చూస్తున్నారు. ఒమేర్ టోపీ కుర్చీలో ఉండిపోయింది.

నేను టోపీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గేటు దగ్గరే ఆగిపోయాను. ఇంకా ఎండగానే ఉంది. కొత్త రంగు వేసిన కొట్టం ముందు తండ్రీకొడుకులు నిలబడి, తలలెత్తి కప్పుకేసి చూస్తున్నారు. కప్పు మీద ఏమీ లేదు. ఒమేర్ కొట్టంలోకి వెళ్ళి బఠాణీల డబ్బా తెచ్చి ఆడించాడు. పందెం రోజుల్లో వీధి చివరిదాకా వినపడే చప్పుడే. గూట్లో ఉన్న పక్షులన్నీ తిండివేళ అయిందనుకుని గుమ్మంలోకి తోసుకొచ్చాయి, కిందికి దిగి వాళ్ళిద్దరి కాళ్ళచుట్టూ చేరాయి. వేళ తప్పి ఒక్క గింజ వెయ్యని మనిషి ఒమేర్. కాసేపు వాటిని చూశాడు. తరవాత డబ్బా కొడుకు చేతిలో పెట్టాడు.

“పిలిచేశాం కదరా, వెయ్యి” అన్నాడు.

మార్నిక్స్ గింజలు చల్లాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నన్నూ చూడలేదు. టోపీ గేటుకి తగిలించి వచ్చేశాను.